ఒకే ఇంట్లో ముగ్గురికి ముక్కు కారుతుంటే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఒక గ్రామం. నేను జీడిపప్పు పరిశ్రమలో పప్పు మీది పొట్టు తీసే పనికి వెళ్తున్నాను. ఏడెనిమిది నెలలుగా పొద్దున్న లేస్తూనే వరుసగా తుమ్ములు వస్తున్నాయి, ముక్కు నీళ్ళలా కారుతోంది, కళ్ళు దురద పెడుతున్నాయి. రాత్రి ముక్కు బిగుసుకుపోతుంది. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే గాని నిద్ర పట్టదు. మా బాబుకు మూడేళ్ళు. అంగన్‌వాడీకి పంపడం మొదలుపెట్టిన దగ్గర నుంచి రొంప వదలడం లేదు, చీమిడి పచ్చగా వస్తోంది. మా అత్తగారికి అరవై దాటాయి, కిడ్నీ జబ్బుకీ బీపీకీ మందులు వాడుతున్నారు. ఆమెకు అన్నం తినేటప్పుడల్లా ముక్కు కారుతుంది. ముగ్గురం ఒకే రొంప బిళ్ళలు వాడుతున్నాం, బాబుకు సగం చేసి ఇస్తున్నాం. ముదిరితే నిమ్ము చేస్తుందని అందరూ భయపెడుతున్నారు. అసలు ఇది ఎందుకు వస్తుంది, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి?

సమాధానం:

సోదరికి నమస్కారం. మీ ఉత్తరంలోని మిగిలిన విషయాలన్నింటి కంటే ముందు ఒకటి చెప్పాలి. బాబుకు సగం బిళ్ళ ఇవ్వడం ఈ రోజుతోనే ఆపండి.

రొంపకని దుకాణంలో ఇచ్చే బిళ్ళల్లో సాధారణంగా మూడు మందులు కలిసి ఉంటాయి. జ్వరానికీ ఒళ్ళు నొప్పులకూ పారాసిటమాల్, తుమ్ములకూ నీరు కారడానికీ క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెట్రిజిన్, ముక్కు దిబ్బడకు ఫెనైలెఫ్రిన్. చాలా బిళ్ళల్లో పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి సగం అంటే 250 అవుతుంది. పిల్లలకు పారాసిటమాల్ మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మీ బాబు 12 కిలోలు ఉన్నాడనుకుంటే ఒక్కసారికి 180 దాటకూడదు. దానికి తోడు క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో స్పష్టంగా ఆదేశించింది. ఆ హెచ్చరికను మందు లేబులు మీద, మందుతో పాటు వచ్చే కాగితం మీద ముద్రించాలని కూడా చెప్పింది. పిల్లలలో ఈ మందుల వల్ల రొంప త్వరగా తగ్గదు సరికదా, మగత, గుండె దడ, కొందరిలో ఊపిరి మందగించడం వంటి ప్రమాదాలు ఉంటాయి. ఇన్నాళ్ళూ తెలియక ఇచ్చినందుకు మీరు కుమిలిపోవలసిన పని లేదు. బాబు చురుగ్గా తిరుగుతూ, తింటూ, ఆడుకుంటూ ఉంటే ఇకముందు ఇవ్వకుండా ఉంటే చాలు.

మీ ముగ్గురి ముక్కులూ కారుతున్నా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ముగ్గురికీ కారణాలు వేరువేరుగా ఉన్నాయి. మన ముక్కు లోపలి పొర ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా రోజంతా పల్చని జిగురును తయారుచేస్తూనే ఉంటుంది. గాలిలోని దుమ్మూ సూక్ష్మజీవులూ ఆ జిగురుకు అంటుకుంటాయి, పొర మీద ఉండే అతి సన్నని నూగు వాటిని గొంతు వైపు నెట్టివేస్తుంది, మనకు తెలియకుండానే మింగేస్తాం. వైరస్ సోకినా, సరిపడని ధూళి తగిలినా, పొగ ఘాటు కొట్టినా, కారం తిన్నా, చలిగాలి వీచినా ఆ పొర చేసే పని ఒకటే, ఎక్కువ నీరు వదలడం. అందువల్ల ముక్కు కారుతోంది అన్న ఒక్క మాటతో ఏ డాక్టరైనా కారణం చెప్పలేరు. ఎన్నాళ్ళ నుంచి, ఒక పక్కనుంచా రెండు పక్కల నుంచా, తోడుగా జ్వరమో దురదో ఆయాసమో ఉన్నాయా అన్నవి తెలిస్తేనే కారణం బయటపడుతుంది.

చీమిడి రంగును బట్టి మాత్రం భయపడకండి. పచ్చబడితే ముదిరిందని, యాంటీబయాటిక్ వేయాలని మన ఊళ్ళలో గట్టి నమ్మకం ఉంది. వైరస్‌తో పోరాడడానికి వచ్చిన తెల్ల రక్తకణాలలో ఆకుపచ్చ రంగు గల ఒక ఎంజైము ఉంటుంది, అవి చీమిడిలో చేరినప్పుడు ఆ రంగే మనకు కనిపిస్తుంది. మామూలు రొంపలో కూడా మొదటి రోజు నీళ్ళలా కారినది, రెండు మూడు రోజులకు చిక్కబడి పసుపు, పచ్చ రంగులోకి మారి, తర్వాత మళ్ళీ పలచబడి తగ్గిపోతుంది. కేవలం పచ్చ రంగును చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం వల్ల విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు వంటి ఇబ్బందులు తప్ప వైరస్ మీద ఏ ప్రభావమూ ఉండదు. పైగా రేపు నిజంగా అవసరపడినప్పుడు ఆ మందు పనిచేయకుండా పోయే పరిస్థితి వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లను అమ్మకూడదని చట్టం ఉన్నది ఇందుకే.

ఇప్పుడు బాబు సంగతి. రొంపను తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. ఒకటి వచ్చిపోతే దానికి కొంత రక్షణ ఏర్పడుతుంది గాని తక్కినవాటికి ఏర్పడదు. ఇంటి నాలుగు గోడల మధ్య పెరిగిన పిల్లవాడు ఒక్కసారిగా పాతికమంది పిల్లల మధ్యకు వెళ్ళినప్పుడు, వాటిలో ఒక్కొక్కటీ వరుసగా పలకరిస్తుంది. ఆ వయసు పిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు రొంప రావడం సహజమే. ప్రతిసారీ పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఉంటుంది కాబట్టి, వానాకాలం నుంచి సంక్రాంతి దాకా ఎడతెగకుండా ఒకటే రొంప ఉన్నట్టు తల్లికి అనిపిస్తుంది. మధ్యలో నాలుగు రోజులైనా పూర్తిగా తేరుకుంటున్నాడా అన్నది గమనించండి. తేరుకుంటున్నట్టయితే అవి వేరువేరు రొంపలు, ఒకటి రెండేళ్ళలో వాటంతట అవే తగ్గుముఖం పడతాయి. అలా కాకుండా పది రోజులు దాటినా ఏ మాత్రం తగ్గని చీమిడీ దగ్గూ ఉన్నా, తగ్గుతున్నట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టినా, 102 డిగ్రీలకు పైగా జ్వరంతో చిక్కని చీమిడి వరుసగా మూడు నాలుగు రోజులు వస్తున్నా, అప్పుడు సైనస్‌లలో, అంటే ముక్కు చుట్టూ ఎముకలలో ఉండే గాలి గదులలో, బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. యాంటీబయాటిక్ అవసరమా అన్నది డాక్టరు చూసి నిర్ణయించవలసిన సందర్భం అదే.

నిమ్ము, అంటే న్యుమోనియా గురించి మీ భయం అర్థం లేనిది కాదు, కాని దానిని కనిపెట్టవలసినది ముక్కులో కాదు, ఊపిరిలో. బాబు నిద్రపోతున్నప్పుడు, లేదా ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్టా ఛాతీ పైకి లేచి దిగడాన్ని సెల్‌ఫోనులో సమయం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే పిల్లల విషయంలో లెక్క తప్పుతుంది. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు నిమిషానికి 40, అంతకు మించి ఊపిరులు ఉంటే వేగంగా పీలుస్తున్నట్టు లెక్క. రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి ఆ హద్దు 50, రెండు నెలల లోపు పసిగుడ్డుకు 60. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి పోవడాన్ని, మన పెద్దవాళ్ళు డొక్కలు ఎగరేస్తున్నాడు అనే దానిని, ఎప్పుడూ తేలికగా తీసుకోకూడదు. డొక్కలు ఎగురుతున్నా, పెదవులు నీలిబడినా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, లేపితే లేవకుండా మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. ఊపిరి వేగంగా ఉండి మిగతా లక్షణాలు లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. జ్వరం మూడు రోజులు దాటినా, చెవి పట్టుకుని ఏడుస్తున్నా, చెవి కారుతున్నా, జ్వరంతో పాటు కళ్ళు ఎర్రబడి ఒంటి మీద దద్దు లేచినా చూపించడం ఆలస్యం చేయవద్దు. చివరిది తట్టు కావచ్చు, అది కూడా రొంపలాగే మొదలవుతుంది. మీ ఇరుగుపొరుగున మూడు నెలల లోపు పసిబిడ్డ ఉంటే, వాళ్ళకు ఈ మాట కూడా చెప్పండి: ఆ వయసులో 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ముక్కు కారుతున్నా కారకపోయినా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

బాబుకు ఇంట్లో చేయగలిగినది కొంచెమే, కాని అది బాగా పనిచేస్తుంది. గ్లాసు నీళ్ళు, అంటే సుమారు పావు లీటరు, బాగా మరిగించి చల్లార్చి, అందులో అర చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన డ్రాపరుతో ఒక్కో ముక్కుపుటంలో రెండు మూడు చుక్కలు వేసి, చీమిడి మెత్తబడ్డాక తుడవండి. ఆ నీళ్ళు ఏ రోజుకా రోజు తాజాగా తయారు చేసుకోవాలి. మరిగించని బోరు నీళ్ళు గాని చెరువు నీళ్ళు గాని ముక్కులోకి ఎన్నడూ వాడవద్దు. దగ్గుతో నిద్ర పట్టకపోతే పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు, కాని ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించడం ప్రమాదం. గోరువెచ్చని గంజి, చారు అన్నం, ఏది తాగితే అది తరచుగా ఇవ్వండి.

పెద్దవాళ్ళు ప్రేమతో చేసే కొన్ని పనులను మాత్రం మెల్లగా నచ్చజెప్పి మాన్పించవలసి ఉంటుంది. పసిపిల్లల ముక్కులో ఆముదమో కొబ్బరి నూనో వేస్తే అది ఊపిరితిత్తులలోకి జారి, ఏ నిమ్ముకు భయపడుతున్నామో ఆ నిమ్మునే తెచ్చిపెడుతుంది. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టడం, పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్పించడం వాచిన ముక్కు పొరను ఇంకా మండిస్తాయి. వాము మూట వాసన చూపించడం వల్ల హాని లేదు గాని అందులో కర్పూరం కలపవద్దు. కర్పూరం నోట్లోకి వెళ్ళినా, లేత ముక్కు దగ్గర రాసినా చిన్నపిల్లలకు ఫిట్స్ రాగలవు. ఆవిరి పట్టే గిన్నె తిరగబడి తొడలూ పొట్టా కాలిన పిల్లలు ఏటా చలికాలంలో ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. ఆ వేడినీళ్ళ గిన్నెను బాబు దరిదాపుల్లో కూడా ఉంచకండి.

ఒకవేళ బాబుకు ఒక్క ముక్కు రంధ్రం నుంచే, చెడు వాసనతో చీమిడి వస్తున్నట్టు ఎప్పుడైనా కనిపిస్తే, దానిని రొంప అనుకోవద్దు. చింతపిక్కో, పూసో, బలపం ముక్కో, శనగ గింజో లోపల ఇరుక్కుని ఉండే అవకాశమే ఎక్కువ. పిన్నీసుతోనో పుల్లతోనో తీయబోతే అది ఇంకా లోపలికి పోతుంది. బొమ్మలలో, గడియారాలలో ఉండే గుండీ బ్యాటరీ ముక్కులో పెట్టుకున్నాడన్న అనుమానం వస్తే గంటల లెక్కన లోపలి కండ కాలిపోతుంది కాబట్టి అప్పటికప్పుడే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

మీ విషయానికి వస్తాను. పొద్దున్నే వరుస తుమ్ములు, నీళ్ళలాంటి స్రావం, కళ్ళ దురద, జ్వరం లేకపోవడం, నెలల తరబడి సాగడం, వీటన్నింటినీ కలిపి చూస్తే మీది ఎలర్జీ వల్ల వచ్చిన ముక్కు వాపు అని అనిపిస్తోంది. ఏ వైరస్ రొంపా ఏడెనిమిది నెలలు ఉండదు. ఈ ఎలర్జీ దేనికి అన్నది మీరే గమనించి తేల్చవలసి ఉంటుంది. జీడిపిక్కలు కాల్చే చోట, ఉడికించే చోట పెంకులోని నూనె ఆవిరి, పొగ ముక్కునూ కళ్ళనూ గొంతునూ మండిస్తాయి. ఆ నూనె చేతులకు తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో మీ తోటివారిలో చూసే ఉంటారు. బోర్మాలో, అంటే పప్పును వేడితో ఆరబెట్టే గదిలో ఆరిన పప్పు మీది ఎర్రటి పొట్టును గీకి తీసేటప్పుడు లేచే సన్నని ధూళి కూడా అలాంటిదే. వారపు సెలవు రోజున, పండుగకు పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో మీ తుమ్ములు తగ్గి, పనిలోకి వెళ్ళిన మొదటి రెండు రోజుల్లో పెరుగుతున్నాయా అన్నది ఒక నెలపాటు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఏ రక్త పరీక్షా చెప్పలేని సంగతి ఆ క్యాలెండరు చెబుతుంది.

సెలవు రోజుల్లో కూడా తగ్గకపోతే కారణం ఇంట్లోనే ఉందని అనుకోవాలి. సముద్రం దగ్గరి మన ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పాత దూది పరుపులలో, బొంతలలో, బూరుగు దూది తలగడలలో కంటికి కనిపించని ధూళి పురుగులు బాగా పెరుగుతాయి. నిద్ర లేస్తూనే తుమ్ములు రావడానికి అవి చాలా తరచుగా కారణమవుతాయి. తలగడ గలేబులూ దుప్పట్లూ వారానికొకసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరవేయడం, చీపురుతో ఊడ్చి దుమ్ము లేపే బదులు తడిగుడ్డతో తుడవడం, గోడలకు వానాకాలంలో పట్టిన బూజును కడిగేయడం ఖర్చు లేని వైద్యమే. వీటికి తోడు బొద్దింకలు, దోమల చుట్టల పొగ, కట్టెల పొయ్యి, నవంబరు, డిసెంబరు నెలల్లో కళ్ళాల దగ్గర నూర్పుల దుమ్ము, రోడ్ల పక్కన తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి కూడా ఎలర్జీని రేపగలవు. ఇవన్నీ ఒక్కసారే మానేయడం ఎవరికీ సాధ్యం కాదు. మీకు ఏది ఎక్కువ తగులుతోందో దాని మీదే శ్రద్ధ పెట్టండి.

పని మానేయమని నేను చెప్పను, ఇంటికి ఆ కూలి ఎంత అవసరమో నాకు తెలుసు. ముఖానికి చీర కొంగు కట్టుకుంటే సన్నని ధూళి ఆగదు. ముక్కునూ గడ్డాన్నీ బిగుతుగా మూసే ఎన్-95 మాస్కు వాడండి. పని ముగిశాక ముఖం, చేతులు కడుక్కుని, పైన చెప్పిన ఉప్పు నీటితో ముక్కు శుభ్రం చేసుకుని, బట్టలు మార్చుకున్న తర్వాతే బాబును ఎత్తుకోండి. కాల్చే చోటుకు దూరంగా కూర్చోబెట్టమని, పొట్టు తీసే గదిలో గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టమని అడగడం మీ ఒక్కరి కోసం కాదు, ఆ గదిలో కూర్చున్న అందరి కోసం. మీ జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే ఆ డిస్పెన్సరీలో ఉచితంగా చూపించుకునే హక్కు మీకు ఉంది.

మీరు రోజూ రాత్రి వేసుకుంటున్న చుక్కల మందు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ముక్కు దిబ్బడలో సగం పాపం దానిదే అయి ఉండవచ్చు. ఆ సీసా మీద ఆక్సీమెటాజోలిన్ అనో జైలోమెటాజోలిన్ అనో రాసి ఉందేమో చూడండి. ఇవి ముక్కు పొరలోని రక్తనాళాలను బిగించి నిమిషాలలో దారి తెరుస్తాయి, అందుకే అంత హాయిగా ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మాత్రం, మందు ప్రభావం తగ్గగానే ఆ రక్తనాళాలు ముందుకంటే ఎక్కువగా ఉబ్బుతాయి, ముక్కు ముందుకంటే గట్టిగా మూసుకుపోతుంది, మళ్ళీ చుక్కలు వేయవలసి వస్తుంది. అవి లేకుండా నిద్ర పట్టడం లేదు అని మీరు రాసిన మాట సరిగ్గా ఆ స్థితినే సూచిస్తోంది. దీని నుంచి బయటపడడం కష్టమే గాని తప్పక సాధ్యమవుతుంది. సాధారణంగా డాక్టర్లు ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రే ఒకటి మొదలుపెట్టి, మొదట ఒక్క ముక్కు రంధ్రంలో చుక్కలు మానిపించి, అది తెరుచుకున్నాక రెండవ దానిలో మానిపిస్తారు. మొదటి వారం నిద్ర చెడుతుంది, తలగడ ఎత్తుగా పెట్టుకుని, ఉప్పు నీటితో సర్దుకోవాలి.

స్టెరాయిడ్ అనే పేరు విని భయపడవద్దు. స్ప్రేలోని మందు అతి తక్కువ మోతాదులో ముక్కు పొర మీదనే పనిచేస్తుంది. కొన్ని చోట్ల ఎలర్జీకని ఇచ్చే స్టెరాయిడ్ సూదులు ఒళ్ళంతా పాకి షుగరునూ బీపీనీ పెంచుతాయి, భయపడవలసినది వాటికి. స్ప్రే వేసుకునేటప్పుడు తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమ చేత్తో కుడి రంధ్రంలోకి, మొన కన్ను వైపు తిరిగి ఉండేలా పట్టుకోవాలి. మధ్య గోడ మీద మందు పడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చవద్దు, గొంతులోకి జారిపోతుంది. దీని గుణం పూర్తిగా తెలియడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, రెండు రోజులు వాడి పనిచేయలేదని పక్కన పడేసేవారే ఎక్కువ. తుమ్ములకు, దురదకు సెట్రిజిన్ రాత్రిపూట వాడితే సరిపోతుంది గాని కొందరికి మర్నాడు కూడా మగత ఉంటుంది. పిక్కలు కోసే కత్తెర దగ్గర పని చేసే రోజు ఉంటే, మగత తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ వంటిది ఇవ్వమని డాక్టరును అడగండి. గర్భవతి అయి ఉండే అవకాశం ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. రాత్రిళ్ళు పొడి దగ్గు, పిల్లికూతలు, మెట్లు ఎక్కితే ఛాతీ బిగబట్టడం కూడా ఉన్నాయంటే ఈ ఎలర్జీ ఊపిరితిత్తులలోకి దిగి ఉబ్బసంగా మారుతున్నట్టు. ముక్కుకు వైద్యం వాయిదా వేయకూడదని నేను పట్టుబట్టడానికి ముఖ్య కారణం అదే.

ఇక అత్తగారు. వేడివేడి అన్నం, కారం కూర, చారు నోట్లో పెట్టగానే ముక్కు కారడం వయసు పైబడిన వారిలో చాలా సాధారణం. నోటికి తగిలిన కారం, వేడి నరాల ద్వారా ముక్కు గ్రంథులను రెచ్చగొడతాయి, అంతే. అందులో సూక్ష్మజీవీ లేదు, ఎలర్జీ లేదు, అంటుకునేది అంతకంటే కాదు. పక్కన ఒక చేతి రుమాలు పెట్టుకోవడం, కారం కొంత తగ్గించడం తప్ప దానికి బిళ్ళ అక్కరలేదు. మరీ ఇబ్బందిగా ఉంటే ముక్కు తడిని తగ్గించే స్ప్రేలు కూడా ఉన్నాయి. ఒక్కోసారి ప్రాజోసిన్ వంటి బీపీ మందుల వల్ల ముక్కు దిబ్బడ వేస్తుంది. ఆ అనుమానం ఉంటే డాక్టరుకు చెప్పాలి గాని సొంతంగా బీపీ మందు ఆపకూడదు.

ఆమె రొంప బిళ్ళలు వాడడం మాత్రం మీ బాబు వాడినంత ఆందోళన కలిగిస్తోంది. మన ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఫెనైలెఫ్రిన్ బీపీని పెంచుతుంది, పెరిగిన బీపీ కిడ్నీలకు మిగిలి ఉన్న శక్తిని ఇంకా దెబ్బతీస్తుంది. రొంపతో పాటు ఒళ్ళు నొప్పులున్నాయని చెప్పగానే దుకాణంలోనో, ఊళ్ళో సూది వేసేవారి దగ్గరో ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటి నొప్పి మందులు అంతకంటే ప్రమాదం. కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గించి, కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ నెలల తరబడి నిలకడగా ఉన్నా, దానిని కొద్ది రోజులలోనే పెంచగలవు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ కూడా కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి కాబట్టి ఆమెకు మోతాదు తగ్గించవలసి ఉంటుంది. ఆమెకు రొంపతో పాటు గట్టి జ్వరం వస్తే రెండు రోజులు చూద్దామని ఆగకండి. ఫ్లూ అయితే దానికి మందు మొదటి 48 గంటలలో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఫ్లూ టీకా ఏటా ఒకసారి వేయించడం గురించి కిడ్నీ డాక్టరును అడగండి. ఎప్పుడైనా డయాలసిస్ మొదలైతే, దాని కోసం రక్తనాళంలో గొట్టం పెట్టిన మనిషికి జ్వరం, వణుకు వచ్చినప్పుడు ముక్కు కారుతున్నా అది రొంపే అని ఇంట్లో తీర్మానించుకోకూడదు.

మీ ఇంట్లో లేకపోయినా, ఊళ్ళో ఎవరికైనా కనిపిస్తే చెప్పగలిగేలా మరికొన్ని సంగతులు రాస్తున్నాను. బండి మీది నుంచో కొబ్బరి చెట్టు మీది నుంచో పడి తలకు దెబ్బ తగిలిన తర్వాత, ఒక ముక్కు నుంచి తేటనీరు, ముఖ్యంగా ముందుకు వంగినప్పుడు, బొట్లు బొట్లుగా కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. మెదడు పొరలకు చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. షుగరు అదుపులో లేని మనిషికి బుగ్గ, కన్ను వాచి, నొప్పితో ముక్కు నుంచి నల్లటి పక్కులు రావడం 2021లో అందరూ విన్న నల్ల ఫంగస్ లక్షణం. కరోనా తగ్గింది గాని ఆ జబ్బు పోలేదు, దానిలో ఒక్క రోజు ఆలస్యం కూడా కన్నును తీసుకుపోగలదు. పెద్దవారిలో ఒకే పక్క ముక్కు దిబ్బడ, ఆ పక్కనుంచే పదే పదే రక్తం కలిసిన స్రావం వారాల తరబడి ఉంటే లోపల కండ పెరిగిందేమో ముక్కు లోపల చూసే దుర్భిణీతో (ఎండోస్కోపు) చూపించుకోవాలి. చెరువులలో మునిగి స్నానం చేసే అలవాటు ఉన్నవారిలో, ముట్టుకుంటే రక్తం కారే ఎర్రటి కండ ముక్కులో పెరిగే రైనోస్పోరిడియోసిస్ అనే జబ్బు మన దక్షిణాదిలో ఉంది. అది బిళ్ళలతో కరగదు, శస్త్రచికిత్సతో తీయాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా టీబీ ఉందేమో చూసే గళ్ళ (కఫం) పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు.

మీరు మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఊపిరి లెక్కపెట్టడం సరిగా వస్తోందో లేదో మీ ఊరి ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చూసుకోండి, వారికి అందులో శిక్షణ ఉంటుంది. ముక్కు లోపల చూడవలసి వస్తే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు విభాగం ఉంది, అంతకు మించి అవసరమైతే విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు మీ చుక్కల సీసాను, ముగ్గురూ వాడిన బిళ్ళల అట్టలను, తుమ్ములు గుర్తుపెట్టుకున్న క్యాలెండరును వెంట తీసుకువెళ్ళండి. అత్తగారి బిళ్ళల అట్టలను మాత్రం విడిగా ఉంచి, ఆమె కిడ్నీ డాక్టరుకు కూడా చూపించండి. వాటిలో ఏవి ఆపాలో, ఏవి ఉంచాలో ఆ అట్టల మీదే పెన్నుతో రాయించుకుని ఇంటికి తెచ్చుకోండి.